రెండో మనిషి కోసం బత్తలపల్లె దాకా

నేను పోయి వచ్చింది బత్తలపల్లెకు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. కాశీకి పోయినవాళ్లు రాస్తారు, సింగపూరుకు పోయినవాళ్లు రాస్తారు. బెళుగుప్ప దగ్గర పల్లె నుంచి అనంతపురం మీదుగా బత్తలపల్లె చూసి వచ్చిన మనిషికి రాయడానికి ఏముంటుంది అంటారు. ఊరు పాతదే. పోయిన పని కొత్తది. ఆ పని మీద బత్తలపల్లెకు పోయినవాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు, అందుకే రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, సాయంత్రం బడిలో. చదవడం వచ్చు గానీ నిదానం. బస్సు బోర్డు చదివేలోపు బస్సు పోతుంది. రాయడం కొంచెం నయం, కాగితం ఎక్కడికీ పోదు కాబట్టి. ఇందులో సోకు మాటలు ఉండవు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

గోడలు లేని లైబ్రరీ

నన్ను బయలుదేరదీసింది సరళ. మా చెల్లెలు శివమ్మ కూతురు. లెక్కల్లో పెద్ద చదువు చదివింది. పగలు ఏదో కంపెనీకి ఇంట్లోనే కూర్చొని పని చేస్తుంది. అది అయిపోయాక మేడ మీదికి ఎక్కి, సిగ్నల్ వచ్చే మూల చూసుకొని, ఇంకో పని చేస్తుంది. ఆ రెండో పనికి జీతం లేదు. మొదటి పని చేసేటప్పుడు దాని మొగం వాడిపోయి ఉంటుంది, రెండో పని చేసేటప్పుడు వెలిగిపోతుంది. మా చెల్లెలికి అర్థం కానిది ఇదే.

అది లైబ్రరీ అంటుంది. నేను చాలా రోజులు పుస్తకాలుండే ఇల్లు అనుకున్నాను. ఇల్లూ లేదు, బీరువాలూ లేవు. కంప్యూటర్లు లెక్కలు చేసుకోవడానికి మనుషులు రాసిపెట్టిన సూత్రాల మూట అది. ఎవరైనా ఊరికే తీసుకొని వాడుకోవచ్చు. తప్పు కనిపిస్తే ఎవరైనా బాగుచేయవచ్చు. భిన్నాల సూత్రంలో ఒక తప్పును సరళ కూడా సరిచేసిందట. ఆ సూత్రాలను ఎలా వాడాలో చెప్పే పేజీలు మొదట ఇంగ్లీషులోనే ఉండేవి. వాటిని తెలుగులో రాయడం మొదలుపెట్టింది ఇదే. రెండేళ్లుగా రాస్తోంది.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు రాసినది వాళ్లే ఒప్పుకోకూడదు. భాష తెలిసిన రెండో మనిషి చూసి, సరే అనాలి. తెలుగుకు పేరు నమోదైన రెండో మనిషి ఒక్కరే, డేనియల్. ఊరు బత్తలపల్లె. అంతకు మించి సరళకు తెలియదు. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు. రాతలోనే మాట్లాడుకున్నారు. ఆయన కొన్ని నెలలుగా పలకడం లేదు. మెయిలు పెడితే జవాబు లేదు.

మొదటి అధ్యాయంలో ఒక్క పేజీ మిగిలిపోయింది. శనివారం సాయంత్రానికి కొత్త కూర్పు బయటికి వస్తుంది. ఆ లోపల రెండో మనిషి ఆ పేజీని ఒప్పుకుంటే తెలుగు భాగం మొత్తం అందులో చేరుతుంది. లేకపోతే మొత్తం బయటే ఉండిపోతుంది, మళ్లీ ఎప్పుడు చేరుస్తారో చెప్పలేరు. రెండేళ్ల పని ఆ ఒక్క పేజీ మీద వేలాడుతోంది.

"పోయి ఎతుక్కుంటా" అంది సరళ.

"మొగమెరగని మొగోని కోసం ఊరూరా తిరుగుతావా? మీ పెద్దమ్మను పిల్చకపో" అంది మా చెల్లెలు.

అలా నేను కావలి మనిషినై, శుక్రవారం పొద్దున, సంచిలో నిమ్మకాయ ఊరగాయ సీసాతో బస్సెక్కాను.

బస్సులో గొర్రెలాయన

కళ్యాణదుర్గం దాటాక పక్క సీటులోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. భుజాన కంబళి. గొర్రెల సంతకు పోయి వస్తున్నాడట. మా తట్టు బస్సులో పక్కన కూర్చున్న మనిషి వివరం అడగకపోతే మర్యాద తెలియనివాడని లెక్క. ఆయనకు మర్యాద బాగా తెలుసు.

"యాడికక్కా, తల్లీకూతుర్లు పోతాండారు?"

"తల్లిని గాదు, పెద్దమ్మను. బత్తలపల్లెకు."

"పెండ్లిసూపులా?"

"కాదప్పా, లెక్కల పని."

"కోర్టు లెక్కలా, బ్యాంకు లెక్కలా?"

"ఏదీ గాదు. కంప్యూటరు లెక్కలు. ఈ పిల్ల రాస్తాది, ఊర్లోళ్లంతా వాడుకుంటారు."

"నెలకెంతిస్తారు?"

"ఏమీ ఇయ్యరు."

ఆయన సరళను జబ్బు మనిషిని చూసినట్టు చూశాడు. "మల్ల ఏంటికి పాపా ఆ కష్టం?"

సరళ ఫోను పక్కన పెట్టింది. "తాతా, నీ గొర్రెకు కడుపుబ్బితే ఏం మందు పొయ్యాలో నీకెవరు చెప్పినారు?"

"మా నాయన."

"ఆయనకు?"

"వాళ్ల నాయన."

"దుడ్లిచ్చినావా మీ నాయనకు?"

"నాయనకు దుడ్లిచ్చేదేంది పాపా!"

"ఇదీ అంతే."

ఆయన భుజాన కంబళి సర్దుకున్నాడు. ఒక ఊరు వచ్చింది, పోయింది. కిటికీలోంచి చూస్తే రెండు పక్కలా ఎండిన చేన్లు, మధ్యలో గాలిమరలు తీరిగ్గా తిరుగుతున్నాయి. అప్పుడు ఆయన మళ్లీ మా వైపు తిరిగాడు.

"సరే పాపా. మా నాయన చెప్పిన మందే తప్పయి ఉంటే? గొర్రెల మందంతా సచ్చేది గదా?"

"అందుకే తాతా, మాదాంట్లో ఒకరు చెప్తే ఇంకొకరు చూడాల. ఆ ఇంకొకాయనను ఎతుక్కుంటూనే పోతాండాము."

"అట్ల చెప్పు!" అన్నాడాయన. తువ్వాలు విప్పి వేయించిన చెనిక్కాయలు, వేరుశెనక్కాయలంటారే అవి, ఇద్దరికీ పిడికెడు పిడికెడు పోశాడు. "ఆయప్ప దొరికితే గట్టిగా పట్టుకోండి. చూసేటోళ్లు యాడా దొరకరు" అని చెప్పి దిగిపోయాడు. మా సరళ రెండేళ్లుగా మా చెల్లెలికి చెప్పలేకపోయినదాన్ని ఈయనకు రెండు ఊళ్ల మధ్య చెప్పేసింది.

అనంతపురం: తెరలో వాన

అనంతపురంలో దిగింది ఫాతిమా ఇంట్లో. సరళతో చదువుకున్న పిల్ల. కింద జిరాక్సు అంగడి, పైన ఇల్లు. ఆమె ఇంట్లో నెట్టు బాగా వస్తుంది. లైబ్రరీ పెద్దలలో ఒకరితో మాట్లాడి గడువు పెంచమని అడుగుదామని సరళ ఆశ.

"శుక్రవారం గదా పెద్దమ్మా, పలావు చేసినా. ఫస్టు తినండి, మల్ల మాట్లాడండి" అంది ఫాతిమా. మా ఇంట్లో వచ్చినవాళ్లకు ముందు నీళ్లు, తర్వాత ఊరి సంగతులు, ఆ తర్వాతే అన్నం. ఇక్కడ చెప్పులు విప్పేలోపు పళ్లెం వచ్చింది. నాకు ఈ పద్ధతే నచ్చింది. ఊరి సంగతులు ఎక్కడికి పోతాయి?

తెర మీదికి వచ్చింది నా ఈడు మనిషి. తెల్ల జుట్టు కత్తిరించుకుంది. ఏ దేశమో సరళ చెప్పింది గానీ నా నోరు తిరగలేదు. ఆమె వెనక కిటికీ. కిటికీలో వాన. ఊరికే జల్లు కాదు, ధారలు ధారలుగా కురుస్తోంది. ఆమె ఏదో చెబుతోంది, మేము ముగ్గురం ఆమెను చూడటం మానేసి వానను చూస్తున్నాం. ఆమెకు అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూసింది. వానే. ఆమెకు అందులో వింత కనిపించలేదు.

గడువు పెరగలేదు. కట్టుబాటు సడలలేదు. "నేను రాసినదాన్ని నేను కూడా ఒప్పుకోలేను. ఇంకొకరి కోసం నేనూ కాచుకుంటాను" అందట.

నాకు ఉండబట్టలేదు. "నేను చూసి ఒప్పుకుంటానని చెప్పవే. నాకూ తెలుగు చదవనొస్తాది గదా."

"పెద్దమ్మా, గమ్మునుండు."

ఫాతిమా గమ్మున ఉండే రకం కాదు. నా మాటను ఇంగ్లీషులో చేరవేసింది. ఆమె నవ్వి ఏదో అంది. పేజీ చదివి ఏమర్థమైందో చెప్పమందట. అర్థమైతే అప్పుడు ఆలోచిద్దాం అందట.

చదివాను. కూడబలుక్కొని, వేలు పెట్టి, ఒక్క అక్షరం వదలకుండా. "దశాంశ భాగము కచ్చితముగా అర్ధమైనచో, ప్రమేయము సమీప సరి పూర్ణాంకమును ప్రతిఫలించును." మళ్లీ చదివాను. ముగ్గురూ నా మొగం చూస్తున్నారు, వాన ఊరి ఆమెతో సహా.

"ఏమీ అర్థం కాల్యా" అన్నాను.

"నీకు అర్థం కాకపోతే అది..." అని సరళ ఆగిపోయింది.

ఫాతిమా అందుకుంది. "చెప్పు, చెప్పు. డేనియల్ సార్‌కు రాసింది కూడా ఇదే గదా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇదే పేజీ చూసి ఆయన, తనకు అర్థం కాలేదని, ఒక ఉదాహరణ ఉంటే బాగుంటుందని రాశాడట. దానికి మా పిల్ల ఇచ్చిన జవాబు: "మీకు అర్థం కాలేదంటే అది పేజీ తప్పు కాదు సార్." ఆ తర్వాతే ఆయన పలకడం మానేశాడు.

"దాంట్లో ఏముండాది? సార్ అని కూడా పెట్టింది గదా" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. మా ఇళ్లలో ఇంతకంటే మెత్తగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

"రాతలో మొగం కనపడదు పెద్దమ్మా" అంది ఫాతిమా.

సరళ ఆ సాయంత్రమంతా ఫోను ముట్టలేదు. ఊరగాయ మాత్రం బాగా తింది.

బత్తలపల్లె: మొదటి డేనియల్

శనివారం పొద్దున్నే బస్టాండు దగ్గర నానేసిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. ప్లేటు నలభై. మా బెళుగుప్పలో ఈ డబ్బుకు బజ్జీలు ఇంకో రెండు పడతాయి. ఇక్కడ వాటి బదులు ఉల్లిపాయలు సన్నగా తరిగి వేశారు. బజ్జీ తక్కువైనందుకు కోపం తెచ్చుకోవాలా, ఉల్లిపాయ బాగున్నందుకు మెచ్చుకోవాలా అని తేల్చుకునేలోపు బత్తలపల్లె బస్సు కదిలింది.

బత్తలపల్లెలో దిగి ఆటో అతన్ని అడిగాం. డేనియల్ ఇల్లు తెలుసా?

"డేనియల్ అంటే... పాయింటు డేనియలేనా?"

మాకేం తెలుసు? లెక్కల్లో పాయింట్లు ఉంటాయి కదా అని సరళ తలూపింది. ఆటో మమ్మల్ని ఊరి చివర ఒక రేకుల ఇంటి ముందు దించింది. గుబురు మీసాల మనిషి బయటికి వచ్చి, మమ్మల్ని చూడగానే కుర్చీలు వేయించాడు.

"రాండమ్మా, కూసోండి. ఎన్నెకరాలు?"

"ఎకరాలు గాదప్పా. ఒక పేజీ" అన్నాను.

"ఎంతైనా చూస్తాలే."

సరళ మర్యాదగా అడిగింది. "సార్, మీరు కంప్యూటర్‌లో చూస్తారు గదా?"

ఆయన మొగం ముడుచుకున్నాడు. "కంప్యూటర్ పెట్టి చూసేటోళ్లను నమ్మొద్దు పాపా. ఈ తట్టు మిషన్లతో చూసిన బోర్లన్నీ దుమ్మే లేసినాయి. నేను టెంకాయతోనే చూసేది."

టెంకాయ చేతిలో నిలబెట్టి నేలలో నీళ్లెక్కడున్నాయో చెప్పే మనిషి ఆయన. బోరు పాయింటు డేనియల్. నాకు నవ్వాగలేదు. సరళ ఫోనులో టైము చూసుకుంటోంది. ఆయన టీ తాగకుండా పోనివ్వలేదు. టీ తాగుతుంటే మా ఊరి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో అడిగాడు. చెబితే నాలుక చప్పరించాడు.

"మీకు కావాల్సింది లెక్కల డేనియల్ సారు. చర్చి ఎనక, నీలం గేటు. శానా మంచోడు. మాట్లాడినాడా లేదా అనేది కూడా తెలీదు, అంత మెల్లగా మాట్లాడతాడు" అన్నాడు.

నీలం గేటు

వసారాలో ఒక సన్నపాటి మనిషి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ప్రైవేటు బడిలో లెక్కల సారట. పక్కన ఆయన భార్య సువార్తమ్మ, రాయి ముందర పెట్టుకొని చింతపండు కొడుతోంది, పిక్క ఒక పక్కకు, పండు ఒక పక్కకు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు. మాట వినగానే తెలిసిపోయింది, ఆ సారు గోదావరి తట్టు మనిషి. పెళ్లి చేసుకొని ఇక్కడ ఉండిపోయాడు.

సరళ తన పేరు చెప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు. పేపర్లు కింద పడ్డాయి.

"సరళ గారా? మీరు... పెద్దవారనుకున్నానండీ. మీ రాత చూసి ఎవరో రిటైరైన ప్రొఫెసరు గారనుకున్నాను."

"పెద్దదాన్ని నేనుండాను. ప్రొఫెసరును మాత్రం గాదు" అన్నాను.

సువార్తమ్మ నవ్వింది. ఆ నవ్వుతో గేటు లోపలికి వచ్చేశాం. భోజనం వేళ అయింది. సంగటి, ఊరిబిండి, ముద్దపప్పు. సంగటి అంటే రాగి ముద్ద, ఊరిబిండి అంటే చెనిక్కాయలు వేయించి రుబ్బిన పచ్చడి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, తెలిసినవాళ్లకు ఇప్పటికే నోరూరి ఉంటుంది. సారుకు మాత్రం వరి అన్నం.

"ఈ మనిషి ఇన్నేండ్ల నుంచి సంగటిని చూస్తాండాడు, చూసి దండం పెడతాడు గానీ తినడక్కా" అంది సువార్తమ్మ.

"గొంతు దిగదండీ" అన్నాడాయన, తప్పు చేసినట్టు.

మా తట్టు ఒక ఇంట్లో చెయ్యి కడిగాక ఇంక ఆ ఇంటితో పేచీ ఉండకూడదు. పంచాయతీ చేసే పెద్దమనుషులు కూడా ముందు ఇద్దరినీ ఒక పంక్తిలో కూర్చోబెడతారు. అదే ధైర్యంతో అడిగేశాను.

"మీ ఇంట్లో తిన్నాము గదా సార్. ఇంక ఆ పేజీ ఒప్పుకోండి. సాయంత్రానికి గడువు."

ఆయన చాలా మెల్లగా అన్నాడు. "అన్నం వేరండీ, పేజీ వేరు. ఇంటికి వచ్చారని ఒప్పుకుంటే, ఆ పేజీ చదివేవాళ్లు మన ఇంటికి రారు కదండీ."

అంత మెత్తటి మనిషి అంత గట్టిగా కాదంటాడని అనుకోలేదు. అన్నం పెట్టాడు, ఒప్పుదల పెట్టలేదు.

"కోపమా సార్ మీకు?" అడిగింది సరళ.

"కోపం కాదండీ." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీరు రాసింది నిజమేమో అనుకున్నాను. ఇంత చిన్న విషయం నాకు అర్థం కాలేదంటే, నేను ఇంకొకరి పేజీలు చూడటమేమిటి అనిపించింది. పక్కకు తప్పుకున్నాను."

సువార్తమ్మ చేతిలో రాయి ఆగింది. నాకు సాయంత్రం బడి గుర్తొచ్చింది. అక్కడ ఎంతోమంది ఆడవాళ్లు ఇలాగే మెల్లగా రావడం మానేశారు. వాళ్లకూ ఎవరి మీదా కోపం లేదు.

"సార్" అంది సరళ. "నేను చెడ్డమాట రాసినా. మా ఇండ్లలో ఇట్లనే మాట్లాడుకుంటాము. మీకు తగులుతాదని అనుకోలా. తప్పు పేజీదే."

"అది నిజం సార్. నిన్న నన్నూ అట్లే అనబోయింది. నాకూ ఆ పేజీ అర్థం కాల్యా" అన్నాను.

"మీకు కూడా అర్థం కాలేదాండీ?" ఆయన మొగం ఒక్కసారిగా విచ్చుకుంది. నాకు ఏమీ తెలియదని విని అంత సంతోషపడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

చింతపండు లెక్క

వెంటనే పేపర్లు పక్కకు పోయాయి, కంప్యూటరు వచ్చింది. కరెంటు పోయింది. కంప్యూటరులో బ్యాటరీ ఉంది గానీ నెట్టు లేదు. సరళ తన ఫోనును మెట్ల మీద, చర్చి గోడ నీడలో నిలబెట్టి దాన్నుంచి నెట్టు తీసింది.

ఆ పేజీ చెప్పేది సగాల గురించట. రెండున్నర ఉంది. దాన్ని పూర్తి సంఖ్య చేయాలంటే రెండు చేయాలా, మూడు చేయాలా? నాకు ఇప్పుడు తెలిసింది ఇంత పెద్ద పేజీలో అడిగింది ఇంత చిన్న మాట అని. ఉదాహరణ నేనిస్తానన్నాను.

"మా ఊర్లో చెనిక్కాయల తూకంలో అరకిలో మిగిల్తే కొనేవానికే పోతాది. ఎప్పుడూ అంతే."

"అది ఈ సూత్రం కాదండీ" అన్నాడు సారు. "ఎప్పుడూ కిందికే దించడానికి వేరే సూత్రం ఉందండీ. వ్యాపారస్తులకు అది బాగా తెలుసు."

నా ఉదాహరణ కొట్టేశారు. సరళ చింతపండు గంపల వైపు చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి కంప్యూటరులో టకటకా ఒక ఉదాహరణ కొట్టడం మొదలుపెట్టింది. నలుగురు ఆడవాళ్లు చింతపండు కొట్టారు. ఒకామె అరకిలో. ఒకామె ఒకటిన్నర. ఒకామె రెండున్నర. ఇంకొకామె మూడున్నర. మొత్తం ఎనిమిది.

"పూర్తి కిలోలు చేస్తే ఎంతెంత?" అని తనలో తాను అనుకుంటుంటే నేను అందించాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు." దాని వేళ్లు అవే కొట్టేశాయి. కంప్యూటరు తెర ఎర్రబడింది.

పేజీలో రాసిన ప్రతి ఉదాహరణనూ మిషను తానే ఒకసారి చేసి చూసుకుంటుందట, జవాబు కలవకపోతే ఎర్రగా మొగం పెడుతుందట. దానికి వచ్చిన జవాబు వేరే: సున్నా, రెండు, రెండు, నాలుగు.

"కలపండి" అన్నాడు సారు.

వేళ్లు మడిచి కలిపాను. ఎనిమిది. నేను చెప్పినట్టు అన్నీ పైకి లేపితే పది అవుతుంది. గంపలో ఎనిమిదే ఉంటే పుస్తకంలో పదెలా వస్తుంది? అన్నీ కిందికి దించితే ఆరు. సగం వచ్చినప్పుడల్లా దగ్గర్లోని సరి సంఖ్యకు పోతే కొన్ని పైకి పోతాయి, కొన్ని కిందికి వస్తాయి, మొత్తం చెడిపోకుండా ఉంటుంది. పూర్ణాంకాలూ ప్రతిఫలించడాలూ ఏమీ లేకుండా నాకు అర్థమైపోయింది. అర్థమయ్యాక ఒళ్లు మండింది.

"ఏమప్పా, అరకిలో కొట్టిన ఆమెకు సున్నానా? ఆయమ్మ కూలి ఎవరిస్తారు?"

"పెద్దమ్మా, ఇది కూలి లెక్క గాదు, ఉత్త ఉదాహరణ."

"చేతులు నల్లగా అయినాయి ఆయమ్మకు. ఉదాహరణ అంట!"

సువార్తమ్మ పగలబడి నవ్వింది. సారు నవ్వలేదు. "ఆ మాట పేజీలో ఉండాలండీ" అన్నాడు.

"ఏ మాట సార్?"

"ఈ పద్ధతి మొత్తాన్ని కాపాడుతుంది గానీ ఒక్కొక్కరిని కాదు అని."

"సూత్రం ఏం చేస్తాదో చెప్పే పేజీ ఇది సార్. దాన్ని యాడ వాడకూడదో మనం ఏంటికి చెప్పాల? ఇంగ్లీషులో లేదు."

"తెలియక వాడేస్తారండీ."

"టైము లేదు సార్!"

"ఆ మాట లేకుండా నేను ఒప్పుకోలేనండీ."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నెలల కింద రాతలో జరిగిన పేచీయే ఇప్పుడు చింతపండు గంపల మధ్య మళ్లీ జరుగుతోంది. తేడా ఒకటే. ఈసారి సరళ ఆయన మొగం చూస్తోంది. ఎండ గోడ దిగి వసారాలోకి వచ్చింది. మెట్ల మీద ఫోను వేడెక్కి ఆరిపోబోతుంటే సువార్తమ్మ తడిగుడ్డ కప్పింది.

సరళ తల వంచుకొని రాసింది. పాత వాక్యం మొత్తం తీసేసింది. చింతపండు పెట్టింది. చివర సారు అడిగిన మాట పెట్టింది. పంపింది.

ఆయన మా ముందరే కూర్చొని మొత్తం మళ్లీ చదివాడు, మాకు పరిచయం లేనట్టు. ఒక చోట కామా తీయమన్నాడు. సరళ పళ్లు కొరికి తీసింది. అప్పుడు ఆయన ఒక్క మీట నొక్కాడు. తెర మీద పచ్చటి గుర్తు వచ్చింది.

నేను, సువార్తమ్మ చప్పట్లు కొట్టాం. సరళ పక్కనున్న గంపలోంచి ఒక చింతపండు రెక్క నోట్లో వేసుకొని, కళ్లల్లో నీళ్లు పులుపు వల్ల వచ్చినట్టు చేసింది.

"తరవాతి అధ్యాయం కూడా మీరే చూడాల సార్" అంది కాసేపటికి.

"చూస్తానండీ. అర్థం కాకపోతే అర్థం కాలేదనే రాస్తాను."

"రాయండి సార్. నేను ఊర్లో కేకలేసుకోని, మల్ల జవాబిస్తా."

తిరుగు బస్సు

అనంతపురానికి ప్రైవేటు బస్సు దొరికింది. సంచిలో ఊరగాయ సీసా పోయి చింతపండు మూట వచ్చింది. ఊరు దాటుతుండగా సరళ ఫోను మోగింది. చూసి, నా చేతిలో పెట్టింది.

"చేరినాయి పెద్దమ్మా. అన్నీ."

తెర మీద ఆ పేజీ. తెలుగులో. మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. బస్సు ఊగినప్పుడల్లా వరుస తప్పుతోంది, మళ్లీ వేలు పెట్టి పట్టుకుంటున్నాను. నలుగురు ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చీనీబత్తాయి తోటలు దాటాం. సున్నా, రెండు, రెండు, నాలుగు దగ్గర టోలుగేటు. సరళ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను ఆగలేదు.

బస్సు నిలిచిపోయింది. అందరూ దిగిపోయారు. కండక్టరు వచ్చి సీటు మీద తట్టాడు.

"అవ్వా, దిగు. అనంతపురం."

"ఉండప్పా. ఇంకొక్కటే ఉండాది."

"ఏందది, అంతగా సదువుతాండావు?"

"లెక్కల పేజీ."

అతనికి నవ్వొచ్చింది. "గట్టిగా సదువు, నేనూ ఇంటా."

చదివాను. "ఈ పద్ధతి మొత్తాన్ని కాపాడుతుంది, ఒక్కొక్కరిని కాదు. మనుషుల కూలి, పనిగంటలు లెక్క కట్టేటప్పుడు దీన్ని వాడవద్దు."

కండక్టరు నవ్వు ఆపాడు. టిక్కెట్ల మిషను చంకలో పెట్టుకొని, వంగి, తెరలోకి తొంగి చూశాడు.

"ఇది మా ఓనరుకు పంపియ్యవ్వా" అన్నాడు.